ఏప్రిల్, మే నెలల్లో టాహో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్: ఏ స్కీలు కొనాలి, ఏ రోజు వెళ్లాలి, ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలి

మార్చి చివరికల్లా బే ఏరియాలో, శాక్రమెంటోలో ఉన్న మనవాళ్లలో చాలామంది స్కీలు గరాజ్‌లో పడేస్తారు. రిసార్టుల బయట లోయల్లో, బయళ్ల మీద సొంతంగా తిరిగే క్రాస్-కంట్రీ స్కీయింగ్‌కి టాహో సరస్సు చుట్టూ ఉన్న సియెర్రా నెవాడా కొండల్లో మంచి రోజులు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. అక్కడ మంచు నిల్వ సాధారణంగా ఏప్రిల్ 1 ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది, పగలు పొడవు, రోడ్లు చాలావరకు పొడిగా ఉంటాయి, చలి కూడా తట్టుకోగలిగేంతే.

చాలామంది అడిగేవి ఇవే: పొద్దున వెళ్తే స్కీలు వెనక్కి జారుతున్నాయి, మధ్యాహ్నం వెళ్తే మోకాళ్ల దాకా దిగబడుతున్నాం, స్కీలు మార్చాలా? మార్చక్కర్లేని వాళ్లే ఎక్కువ. వసంతకాలంలో మంచు గంటగంటకీ మారుతుంది. స్కీల ఎంపిక, రోజు ఎంపిక, దారి ఎంపిక మూడూ ఆ గంటల లెక్కకి లోబడాలి. అందుకే సామాన్ల కంటే ముందు మంచు గురించి చెప్తున్నాను.

ఇది ఎవరి కోసమంటే, ట్రాక్ వేసిన చోట కొన్నిసార్లు క్రాస్-కంట్రీ చేసి, చిన్న వాలు మీద వెడ్జ్ పెట్టి (స్కీల ముందు కొనలు దగ్గర చేసి, తోకలు విడదీసి) ఆగడం వచ్చినవాళ్ల కోసం. ఆ మాత్రం కూడా రాకపోతే ముందు రాయల్ గోర్జ్ లాంటి నార్డిక్ (క్రాస్-కంట్రీ) సెంటర్‌లో ఒక క్లాసు తీసుకోండి. నిటారు కొండలు దిగే ఆల్పైన్ టూరింగ్ గురించి ఇందులో చెప్పడం లేదు.

## 1. ముందు మంచు సంగతి అర్థం చేసుకోండి

పగలు ఎండకి పై పొర కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. ఇలా కొన్ని రోజులు వరసగా జరిగితే మంచు సగ్గుబియ్యంలా గుండ్రటి గింజలుగా మారుతుంది. స్కీయర్లు దీన్ని కార్న్ స్నో అంటారు. బాగా కుదిరిన కార్న్ మీద స్కీలు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి, కొత్తగా నేర్చుకున్నవాళ్లకి కూడా ధైర్యం వస్తుంది.

ఒకే రోజులో మంచు మూడు రకాలుగా ఉంటుంది:

- తెల్లవారుజామున గట్టి పెంకు. స్కీ అంచు దిగదు, కాలు దిగబడదు.
- ఎండ తగిలిన ఒకట్రెండు గంటలకి పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మెత్తబడుతుంది, కింద గట్టిగానే ఉంటుంది. మనకి కావలసింది ఇదే.
- మధ్యాహ్నానికి నీళ్లు పట్టి బురదలా అవుతుంది, స్కీ విప్పి అడుగేస్తే దిగబడిపోతారు.

ఎండ ముందు తూర్పు వాలు మీద, తర్వాత దక్షిణం మీద, ఆ తర్వాత పడమర మీద పనిచేస్తుంది. ఉత్తరపు వాలు అన్నిటికంటే ఆలస్యంగా మెత్తబడుతుంది, కొన్ని రోజులు అసలు మెత్తబడదు. దారి వేసుకునేటప్పుడు ఈ వరస గుర్తుంటే సగం పని అయినట్టే.

ఇక రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నది ఒక్క టెంపరేచర్ చూసి చెప్పలేం. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసుకుంటుంది, గాలి సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నా పై పొర గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి పోదు, గాలి సున్నా దగ్గరే ఉన్నా మంచు మెత్తగానే మిగులుతుంది. "రాత్రి 31 ఫారెన్‌హీట్ చూపించింది, అయినా పొద్దున్నే దిగబడ్డాం" అనేవాళ్లు ఒకసారి ఆ రాత్రి మబ్బు ఉందేమో చూడండి.

## 2. స్కీలు: మధ్యస్థ వెడల్పు, పొలుసులు, ఉక్కు అంచు

ట్రాక్ మీద వాడే సన్నటి స్కీలు ఇక్కడ పనికిరావు, ఆల్పైన్ స్కీలంత వెడల్పు అవసరం లేదు. స్కీ కొలతలు మూడు అంకెల్లో ఇస్తారు: ముందు, నడుము, తోక. ఉదాహరణకి ఫిషర్ ఎస్-బౌండ్ 98 కొలత 98-69-88 మిల్లీమీటర్లు. మాడ్షస్ ఎపోక్ 99-68-84, ఇప్పుడు దాన్నే పనోరమా ఎం68 పేరుతో అమ్ముతున్నారు. సియెర్రా వసంతానికి నడుము 60 నుంచి 70 మధ్య ఉంటే సరిపోతుంది. అంతకంటే సన్నగా ఉంటే మెత్తటి మంచులో తడబడతారు, మరీ వెడల్పయితే పొద్దున పెంకు మీద అంచు పట్టించడానికి చీలమండలు నొప్పెడతాయి.

కొనేముందు చూడవలసినవి:

- కింద ఫిష్‌స్కేల్ ఉందా. స్కీ అడుగున చేప పొలుసుల్లాంటి గాట్లు ఉంటాయి, అవే ఎక్కేటప్పుడు పట్టునిస్తాయి. పట్టు కోసం వ్యాక్స్ రాసుకునే స్కీలు చలి నిలకడగా ఉండే చోట హాయిగా పనిచేస్తాయి. సియెర్రాలో ఏప్రిల్ టెంపరేచర్ సున్నాకి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కాబట్టి ఉదయం రాసిన వ్యాక్స్ పదింటికి పనిచేయదు. క్లిస్టర్ అనే జిగురు వ్యాక్స్ పట్టిస్తుంది కానీ చేతులకీ, సంచికీ, కారు సీట్లకీ కూడా పడుతుంది. మొదటి జతకి ఫిష్‌స్కేలే తీసుకోండి.
- ఉక్కు అంచులు. పూర్తిగా ఉన్నా సరే, పాదం కింద ముప్పావు వంతు ఉన్నా సరే. అంచు లేని స్కీలతో ఏప్రిల్ పొద్దున పెంకు మీద అడ్డంగా నడవడం ప్రమాదం.
- పొడవు. ఎత్తు చూసి కాదు, బరువు చూసి. ఆ బరువులో సంచి బరువు కూడా కలపాలి. కంపెనీ పట్టికలో రెండు సైజుల మధ్య పడితే కొత్తవాళ్లు పొట్టిది తీసుకోండి, తిప్పడం తేలిక.
- కాగితం పరీక్ష. గట్టి, చదునైన నేల మీద రెండు స్కీల మీదా సమంగా నిలబడండి. పాదం కింద కాగితం సులువుగా జరగాలి. ఒకే స్కీ మీద మొత్తం బరువు వేస్తే కాగితం ఇరుక్కోవాలి. ఎప్పుడూ ఇరుక్కునే ఉంటే ఆ స్కీ మీకు మెత్తన, జారదు. ఎప్పుడూ ఇరుక్కోకపోతే మీకు బిర్రు, పట్టదు.

మార్చి, ఏప్రిల్‌లలో దుకాణాలు సీజన్ చివరి సేల్ పెడతాయి, కొనడానికి అదే సరైన టైమ్. మొదటి రెండు మూడుసార్లు అద్దెకి తీసుకుని, ఆ తర్వాత కొనండి. అద్దెకి అడిగేటప్పుడు "ఉక్కు అంచులున్న బ్యాక్‌కంట్రీ క్రాస్-కంట్రీ" అని స్పష్టంగా చెప్పకపోతే ట్రాక్ స్కీలు చేతిలో పెడతారు.

పాతవి కొంటుంటే తోక దగ్గర పొరలు విడిపోయాయా, అంచు ఎక్కడైనా లేచిందా, బైండింగ్ స్క్రూలు కదులుతున్నాయా చూడండి. బూటు సోల్ రెండు చేతులతో వంచండి. ఏళ్ల తరబడి అటకమీద ఉన్న బూట్ల సోల్ దారి మధ్యలో ఊడిపోవడం మామూలు విషయం.

## 3. బైండింగులు, బూట్లు: ఒకదానికొకటి సరిపోవాలి

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. మూడు పద్ధతులున్నాయి, ఒకదాని బూటు ఇంకోదాంట్లో పట్టదు.

- ఎన్‌ఎన్‌ఎన్ బీసీ. బూటు ముందు కింద అడ్డంగా ఉక్కు కడ్డీ ఉంటుంది. బయళ్లు, తేలికపాటి గుట్టలకి చక్కగా సరిపోతుంది, బూట్లలో ఎంపిక కూడా బాగుంటుంది. మామూలు ట్రాక్ ఎన్‌ఎన్‌ఎన్ బూటు చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ కడ్డీ సన్నం, దీంట్లో పట్టదు.
- 75 మిల్లీమీటర్ల మూడు పిన్నుల బైండింగ్. బూటు ముందు బాతుముక్కులాంటి పలక, దానికి మూడు కన్నాలు. పాత పద్ధతి, కానీ బరువు సంచి మోసేవాళ్లకి, అడవిలో రిపేరు చేసుకోవలసి వచ్చినప్పుడు నమ్మకమైనది.
- ఎక్స్‌ప్లోర్. రొటెఫెల్లా తెచ్చిన కొత్త పద్ధతి. స్కీ మీద పట్టు బాగుంటుంది, ధర ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఎన్‌ఎన్‌ఎన్ బీసీ, ఆటోమేటిక్ కాకుండా చేత్తో మూసే మాన్యువల్ రకం. ఆటోమేటిక్‌లో మంచు ఇరుక్కుంటే విప్పడానికి తంటాలు పడాలి.

బూటు పగటిపూట కాకుండా సాయంత్రం, మీరు నిజంగా వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. వేళ్లు ముందుకి తగలకూడదు, మడమ మాత్రం లేవకూడదు. మడమ కొద్దిగా లేచినా రెండో గంటకల్లా బొబ్బ వస్తుంది. బూటు చీలమండ పైదాకా ఉండాలి, నిజమైన మంచులో స్కీని తిప్పేది ఆ చీలమండే.

## 4. పోల్స్, పొట్టి స్కిన్స్, వ్యాక్స్

పోల్స్ పొడవు మార్చుకునే రకం తీసుకోండి, కింద చక్రాలు పెద్దవి ఉండాలి. చదునులో చంక కంటే కొద్దిగా కిందకి, దిగేటప్పుడు ఇంకా పొట్టిగా.

పొట్టి స్కిన్స్ గురించి గట్టిగా చెప్తాను. ఒకవైపుకే వాలిన నూగు ఉన్న ఈ పట్టీల్ని స్కీ కింద మధ్యలో తగిలిస్తారు. పొద్దున గట్టి పెంకు మీద ఫిష్‌స్కేల్ పట్టదు. మంచు గరుకు లేకపోతే ఆ గాట్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పావుగంట స్కిన్స్ వేసుకుంటే ఎక్కేస్తారు, మెత్తబడ్డాక తీసేయొచ్చు. ఫిషర్ స్కీలలో ఆ ఏర్పాటు ఉన్నవాటికి ఈజీ స్కిన్ అనే పట్టీ నేరుగా తగులుతుంది, మిగతావాటికి ముందు కొన దగ్గర తగిలించే రకాలున్నాయి. "కొత్త స్కీలు కొనాలా" అని అడిగేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఈ స్కిన్సే.

ఫిష్‌స్కేల్ స్కీలకి వ్యాక్స్ అక్కర్లేదన్న మాట సగమే నిజం. పట్టుకి అక్కర్లేదు, జారడానికి కావాలి. ముందూ వెనకా ఉన్న నున్నటి భాగానికి గ్లైడ్ వ్యాక్స్, గాట్లకి పేస్ట్ రకం వ్యాక్స్ పలచగా రుద్దండి. లేకపోతే తడి మంచు గాట్లకి అంటుకుని స్కీ కింద గడ్డలు కడుతుంది. ఫ్లోరిన్ లేని రకమే కొనండి, మంచు కరిగి చేరేది నీళ్లలోకే కదా.

## 5. బట్టలు, ఎండ

కాటన్ వద్దు, లోపలి బనియన్‌తో సహా. చెమటకి తడిస్తే ఆరదు, గాలి తగిలితే వణుకు పుడుతుంది. ఉన్ని లేదా సింథటిక్ పలుచని పొర, పైన గాలి ఆపే జాకెట్, ఆగినప్పుడు వేసుకోవడానికి సంచిలో ఒక పఫీ (దూది దుప్పటిలా ఉబ్బిన జాకెట్), బూట్లలోకి మంచు పోకుండా కాళ్లకి మోకాళ్ల దాకా గెయిటర్స్ అనే తొడుగులు. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. పార్కింగ్‌లోనే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో ఆగి విప్పుకోవాల్సిందే.

ఎండని తేలిగ్గా తీసుకోకండి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ ఆ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. మన ఒంటి రంగు మనల్ని కాపాడుతుందనుకుని సన్‌స్క్రీన్ మానేసేవాళ్లు సాయంత్రానికి పెదవులు పగిలి, ముక్కు కింద కాలి బాధపడతారు. కాంతి కింద నుంచి వస్తుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు అడుగున, చెవుల వెనక కూడా రాయండి. కళ్లద్దాలు పక్కలు కూడా మూసేవి, కేటగిరీ 3 లేదా 4. మంచు కాంతికి కళ్లు దెబ్బతింటే అక్కడే తెలియదు, కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు ఇంటికొచ్చాక రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. పిల్లలకి అద్దాలు లేకపోతే తీసుకెళ్లకండి.

## 6. సంచిలో ఏముండాలి

- నీళ్లు మనిషికి రెండు మూడు లీటర్లు
- తిండి: పులిహోర, చపాతీ చుట్టలు, ఖర్జూరాలు, ఏదైనా గ్లవ్స్ తీయకుండా తినగలిగేది. ఫ్లాస్కులో వేడి చారు ఉంటే ఇంకేం కావాలి
- మ్యాప్: ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసింది, కాగితం మీద ఒకటి
- పవర్ బ్యాంక్, చొక్కా లోపలి జేబులో (చలికి బ్యాటరీ పడిపోతుంది)
- శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం. ఐఫోన్ 14 నుంచి ఆ సదుపాయం ఉంది, ఇంట్లోనే డెమో చేసి చూడండి
- హెడ్‌ల్యాంప్, లైటర్, విజిల్
- బొబ్బలకి టేప్, కట్టు కట్టే సామాను
- అదనంగా ఒక జత గ్లవ్స్, సాక్సు
- కూర్చోవడానికి చిన్న ఫోమ్ ముక్క

రిపేరు సంచి విడిగా ఉండాలి: పోజిడ్రైవ్ 3 స్క్రూడ్రైవర్, రెండు మూడు అదనపు బైండింగ్ స్క్రూలు, చిటికెడు స్టీల్ ఉన్ని, డక్ట్ టేప్, రెండు రబ్బరు స్కీ స్ట్రాపులు, సన్నటి తీగ, ఒక అదనపు పోల్ చక్రం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో బైండింగ్ స్క్రూ తిప్పితే దాని తల అరిగిపోతుంది, అందుకే పోజిడ్రైవ్ అని ప్రత్యేకంగా చెప్తున్నా.

## 7. రోజు ఎంచుకోవడం

మూడు నాలుగు రోజుల ముందు. నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద మీరు వెళ్లే చోటే క్లిక్ చేసి ఆ ఎత్తుకి ఫోర్‌కాస్ట్ చూడండి, ట్రకీ ఊరి వాతావరణం కాదు. వరసగా రెండు మూడు రాత్రులు నిర్మలంగా, సున్నా సెల్సియస్ కంటే తక్కువగా ఉంటే మంచిది. ఏప్రిల్‌లో తుఫాను వచ్చి కొత్త మంచు పడితే, తర్వాత వచ్చే మొదటి ఎండ రోజుకి ఎగబడకండి. ఆ కొత్త మంచు ఒక్కసారిగా తడిసి వాలుల మీద నుంచి జారేది అప్పుడే.

ముందురోజు. మంచుచరియల ప్రమాదం గురించి సియెర్రా అవలాంచ్ సెంటర్ ఇచ్చే బులెటిన్ మొత్తం చదవండి, ప్రమాద స్థాయి రంగు చూసి వదిలేయకండి. వసంతం చివర్లో రోజువారీ బులెటిన్లు ఆగిపోతాయి, ప్రమాదం ఆగినట్టు కాదు. కాల్‌టోపో అనే మ్యాప్ వెబ్‌సైట్‌లో వాలు కోణం చూపించే రంగుల పొర పెట్టి దారి గీయండి. రంగు పడిన వాలు మీదా, దాని కిందా మీ గీత వెళ్లకూడదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి రాసి పెట్టండి.

ఆ రోజు తెల్లవారుజామున. కొండల మీద మంచుని, వాతావరణాన్ని కొలిచే స్నోటెల్ స్టేషన్లు గంటగంటకీ టెంపరేచర్ ఇస్తాయి. రాత్రంతా సున్నాకి చాలా పైన ఉండి, మబ్బు కూడా ఉంటే ఆ రోజు మానేయండి. మూడు నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాక మానడం కష్టం, అందుకే ఈ పని ఇంటి నుంచి కదలకముందే చేయాలి. వీలైతే ముందురోజు రాత్రే ట్రకీలోనో సౌత్ లేక్ టాహోలోనో పడుకోండి. తెల్లవారి మూడింటికి ఫ్రీమాంట్‌లో లేచి రావడం కంటే అదే మేలు, ఎత్తుకి ఒళ్లు కూడా కొంచెం అలవాటు పడుతుంది.

## 8. ఎక్కడికి వెళ్లాలి

టాహో మెడోస్. నెవాడా వైపు, మౌంట్ రోజ్ హైవే 431 మీద, దాదాపు 8,500 అడుగుల ఎత్తు. విశాలంగా, చదునుగా ఉంటుంది. మొదటిసారికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. నెవాడా కాబట్టి కాలిఫోర్నియా స్నో-పార్క్ (శీతాకాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్) పర్మిట్‌తో పని లేదు.

కాసిల్ వ్యాలీ. ఐ-80 మీద డోనర్ సమ్మిట్ దగ్గర, బోరియల్ రిసార్టు ఎగ్జిట్. స్నో-పార్కులో కారు పెట్టి ఫ్రీవే కింద నుంచి ఉత్తరానికి వెళ్లాలి. లోయ అడుగున ఉన్నంతసేపు తేలిక. కాసిల్ పీక్ వాలులు నిటారువి, వాటి కిందికి పోకండి.

కార్సన్ పాస్. హైవే 88, 8,574 అడుగులు. విన్నెముకా సరస్సు వైపు దారి చాలా అందంగా ఉంటుంది, గుట్టలు ఎక్కువ. రౌండ్ టాప్ శిఖరం 10,381 అడుగులు, దాని కింది వాలులకి దూరంగా తిరగండి.

మేలో అయితే కింద మంచు పోతుంది, ఇంకా పైకి వెళ్లాలి. హైవే 108 మీద సొనోరా పాస్ 9,624 అడుగులు. శీతాకాలమంతా మూసి ఉంటుంది, సాధారణంగా మేలో తెరుస్తారు. తెరిచిన మొదటి వారాల్లో కారు దిగితే మంచే. కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ ఇచ్చే రోడ్డు సమాచారం చూడకుండా బయల్దేరకండి.

కాలిఫోర్నియా స్నో-పార్కులకి నవంబర్ 1 నుంచి మే 30 దాకా పర్మిట్ ఉండాలి. రోడ్డు పక్క మంచు లేకపోయినా ఆ నియమం ఉంటుంది. ఇంకో మాట, ఏప్రిల్‌కి ఎలుగుబంట్లు నిద్ర లేస్తాయి. కారులో ఊరగాయ డబ్బా, చిప్స్ ప్యాకెట్ కూడా వదలకండి. టాహోలో అవి కారు తలుపులు తీయడం నేర్చుకున్నాయి.

## 9. ఆ రోజు ఏ వరసలో

1. ఏడున్నర కల్లా పార్కింగ్‌లో ఉండండి. బూటు మడమతో మంచుని గట్టిగా తన్నండి. దిగకపోతే రాత్రి బాగా గడ్డకట్టింది. ఆ టైమ్‌కే చీలమండ దాకా దిగితే చదును వదలొద్దు.
2. బైండింగ్, బూటు కడ్డీ చుట్టూ ఉన్న మంచు గీకి తీయండి. మూసాక బూటుని పక్కకి మెలిపెట్టి చూడండి, ఊడకూడదు.
3. పెంకు గట్టిగా ఉంటే స్కిన్స్ వేసుకుని ఎక్కండి. మొదటి గంట మాట్లాడుతూ వెళ్లగలిగేంత నెమ్మదిగా. సముద్రమట్టం నుంచి నేరుగా 8,500 అడుగులకి వచ్చారు, తలనొప్పి మొదలైతే నీళ్లు తాగి ఆగండి, తగ్గకపోతే కిందికి దిగిపోండి.
4. ముందు తూర్పు వాలున్న బయళ్ల వైపు వెళ్లండి. వెనక్కి వచ్చే దారి ఉత్తరం వైపు నీడలో ఉండేలా చూసుకుంటే మంచు ఇంకొంచెంసేపు నిలుస్తుంది.
5. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మెత్తబడగానే స్కిన్స్ తీసి, అంటుకునే వైపులు కలిపి మడిచి జాకెట్ లోపల పెట్టుకోండి. సాధారణంగా తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఉండే ఆ టైమ్‌లోనే దిగే ఆనందమంతా.
6. పన్నెండింటికి వెనక్కి తిరగాలి. ఎక్కడున్నా సరే. "ఆ మలుపు చూసొద్దాం" అన్న మాట వద్దు. గడియారం పన్నెండు చెప్పకముందే మంచు చెప్తే, అంటే కాలు చీలమండ దాటి దిగితే, అప్పుడే తిరగండి.

దిగేటప్పుడు వాలుకి అడ్డంగా పొడవాటి గీతలు గీస్తూ, చివర ఆగి, అడుగులేస్తూ తిరగండి. మడమ స్వేచ్ఛగా ఉండే స్కీల మీద నేరుగా దిగి వేగం పెంచుకోవడం కంటే ఇదే హాయి. పడిపోవలసి వస్తే కొండ వైపుకి, పక్కకి కూర్చోండి. లేవడానికి స్కీలు రెండూ వాలుకి అడ్డంగా పెట్టుకుని, మోకాళ్ల మీదికి వచ్చి లేవండి.

ఒక్క మాట మాత్రం ప్రత్యేకంగా. బాగా గడ్డకట్టిన పొద్దున, ఆరున్నర ఏడు ప్రాంతంలో, టాహో మెడోస్ లాంటి చదును బయలు మొత్తం దిగబడని నేలవుతుంది. దారి లేదు, ట్రాక్ లేదు, ఎటు కావాలంటే అటు స్కేటింగ్ చేస్తూ పోవచ్చు. దీని కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లున్నారు. తెలివైనవాళ్లు కనక, రెండు గంటల్లో ముగించుకుని వచ్చేస్తారు.

## 10. ప్రాణం మీదికి వచ్చేవి

తడి మంచుచరియలు. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద జారతాయి. 25 డిగ్రీల లోపు ఉండండి, మీ పైన కూడా నిటారు వాలు లేకుండా చూసుకోండి. ఎండ వాలు మీద నుంచి మంచు ఉండలు చుట్టుకుంటూ దొర్లి వస్తుంటే అది హెచ్చరిక, ఆ వైపు వదిలేయండి. నిటారు చోట్లకి వెళ్లాలనుంటే బీకన్ (మంచు కింద పడినవాళ్లని వెతికే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) కొనడం మాత్రమే చాలదు, అవలాంచ్ కోర్సు చేసి, వాటిని వాడటం సాధన చేసిన మనుషులతోనే వెళ్లండి.

వాగుల మీద మంచు వంతెనలు. పొద్దున నిలిచిన వంతెన మధ్యాహ్నం కూలుతుంది, కింద నీళ్ల ఉరవడి కూడా అప్పటికి పెరుగుతుంది. నీళ్ల చప్పుడు వినిపిస్తే, మంచు మీద పొడవుగా గుంట కనిపిస్తే ఆగండి. దాటక తప్పకపోతే పొద్దునే, ఒక్కొక్కరుగా, సంచి నడుము పట్టీ విప్పుకుని దాటండి. మధ్యాహ్నం అదే వంతెన మీదుగా వెనక్కి రావాల్సిన దారి అసలు వేసుకోవద్దు.

చెట్ల మొదళ్లు, రాళ్ల చుట్టూ. ఎండకి వేడెక్కి చుట్టూ మంచు బోలుగా అవుతుంది. రెండు మూడు అడుగుల దూరం పాటించండి.

సరస్సులు. ఏప్రిల్ నుంచి గడ్డకట్టిన సరస్సు మీద నడవొద్దు. గట్టు చుట్టూ పదండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే తీరు

స్కీ కింద మంచు గడ్డలు. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి మారినప్పుడు కడతాయి. ఆగి పోల్ కర్రతో గీకి, పూర్తిగా తుడిచి, పేస్ట్ వ్యాక్స్ రాయండి. తడి మీద రాస్తే నిలవదు.

ఎక్కేటప్పుడు వెనక్కి జారడం. ముందుకి వంగి పోల్స్ మీద బరువేస్తే ఇంకా జారతారు. నిటారుగా నిలబడి బరువంతా పాదం మీద వేసి స్కీని నేలకి నొక్కండి. అయినా జారితే వాలుకి ఏటవాలుగా ఎక్కండి, లేదా కొనలు విడదీసి మడమలు దగ్గర పెట్టే హెరింగ్‌బోన్, అదీ కాకపోతే స్కిన్స్.

బైండింగ్ స్క్రూ ఊడటం. కన్నంలో స్టీల్ ఉన్ని కుక్కి స్క్రూ మళ్లీ బిగించండి, ఇంటికి చేరేదాకా నిలుస్తుంది. ఇంటికొచ్చాక ఎపాక్సీతో సరిగ్గా చేయించండి.

పోల్ విరగడం. విరిగిన చోట డేరా మేకో, సన్నటి కొమ్మో కట్టుగా పెట్టి స్ట్రాపుతో, డక్ట్ టేప్‌తో చుట్టండి.

మడమ దగ్గర వేడి అనిపించడం. వెంటనే ఆగి టేప్ వేయండి. అందర్నీ ఆపడానికి మొహమాటపడితే గంటలో బొబ్బ, ఆ తర్వాత అందరూ మీ కోసమే ఆగాలి.

ఆలస్యమై బురద మంచులో ఇరుక్కోవడం. స్కీలు విప్పకండి, విప్పితే నడుము దాకా దిగవచ్చు. చెట్ల నీడ, ఉత్తరపు వైపు, ముందు ఎవరో నొక్కిన జాడ వెతుక్కుని నెమ్మదిగా రండి. నిటారు వాలు కింద నుంచి వెళ్లే దగ్గరి దారి కంటే చుట్టు దారే పట్టండి.

## 12. ఇంటికొచ్చాక

స్కిన్స్, బూటు లోపలి భాగం నీడలో ఆరబెట్టండి, హీటర్ దగ్గర కాదు. ఉక్కు అంచులు తుడవకుండా కారు వెనక వదిలేస్తే రెండు రోజుల్లో తుప్పు పడుతుంది.

ఏప్రిల్, మే మంచులో పైన్ చెట్ల జిగురు, పుప్పొడి, దుమ్ము కలిసి ఉంటాయి. స్కీ అడుగున గోధుమరంగు మరకలు అవే. బేస్ క్లీనర్‌తో తుడిస్తే జారుడు తిరిగొస్తుంది. సీజన్ ముగించేటప్పుడు నున్నటి భాగానికి వ్యాక్స్ మందంగా పట్టించి గీకకుండా వదిలేయండి, అంచుల మీద కూడా కొంచెం పడనివ్వండి. రెండు స్కీలనీ బిగించి కట్టకుండా, వేసవి వేడి తగలని చోట నిలబెట్టండి. స్కిన్స్ జిగురు వైపులు కలిపి సంచిలో పెట్టి ఇంట్లో చల్లటి అల్మారాలో ఉంచండి. జులైలో శాక్రమెంటో గరాజ్ వేడికి ఆ జిగురు కరిగి నూగుకి పట్టిందంటే కొత్తవి కొనాల్సిందే.